పందొమ్మిదిమంది హయీమ్‌లు

కార్డు మీద "మనిషి లేడు" అని రాసింది జెలిగ్ మార్గోలిసే. చేతిరాత అతనిదే, కింద వేసిన తారీఖూ అతనిదే: 1909 అక్టోబరు 22. నవంబరులో ఒక సోమవారం పొద్దున్న కొండల్లోని క్షయ శానిటోరియం నుంచి ఉత్తరం వచ్చేదాకా ఆ కార్డు సంగతి అతనికి గుర్తు లేదు.

ఉత్తరంలో నాలుగు వాక్యాలున్నాయి. కార్డు నెంబరు 3417, గెట్సెల్ రోయిట్‌మన్ అనే రోగికి మంచం ఖాళీ అయింది. గురువారం పదకొండింటికి ఫెర్రీ రేవు దగ్గర హాజరు కావాలి. నది దాటాక రైల్లో తీసుకుపోతారు. రాకపోతే మంచం జాబితాలో తరవాతివాళ్ళకు పోతుంది.

ఆ మంచం కోసం గెట్సెల్ పేరు పదకొండు వారాలుగా జాబితాలో ఉంది. మనిషే లేడు.

జెలిగ్‌కు నలభై ఒక్కేళ్ళు. నగర ఆరోగ్యశాఖ ఆఫీసులో గుమాస్తా. వలస వచ్చిన యూదుల పేటలోని క్షయ రోగుల కార్డులు పదకొండేళ్ళుగా అతని చేతిమీదుగానే నడుస్తున్నాయి. క్షయ అని తేలిన ప్రతి మనిషి పేరూ డాక్టర్లు ఆఫీసుకు తెలపాలి. తెలిపిన ప్రతి పేరుకూ జెలిగ్ ఒక కార్డు రాస్తాడు, నెంబరు వేస్తాడు, గోడమీది పటంలో ఆ ఇంటి మీద ఒక గుండుసూది గుచ్చుతాడు. నర్సు ఆ ఇంటికి వెళ్ళి చూసి వస్తుంది. మనిషి చనిపోతేనో ఇల్లు మారిపోతేనో జెలిగ్ సూది పీకేస్తాడు. గది కడిగించి సున్నం వేయించమని ఇంటి యజమానికి నోటీసు పంపుతాడు. అతని బల్ల మీద రెండు చెక్క డబ్బాలు ఉంటాయి. ఒకదాని మీద "ఉన్నవాళ్ళు" అని, రెండోదాని మీద "దొరకనివాళ్ళు" అని చీటీలు అంటించి ఉంటాయి. గెట్సెల్ కార్డు రెండోదాంట్లో ఉంది.

ఆరు వారాల తర్వాత నర్సు ఒనోరా గెరటీ పనిలోకి వచ్చింది ఆ సోమవారమే. సెప్టెంబరు ఆఖర్లో హెస్టర్ వీధిలో ఒక ఇంటి మెట్ల మీద కాలు జారి చీలమండ విరిగింది. ఇంకా కుంటుతోంది. ఆమెకు యాభై ఏళ్ళు. పుట్టింది ఐర్లండులో. పేటలో వాళ్ళ ఇళ్ళూ వీళ్ళ ఇళ్ళూ తిరిగి అక్కడి యూదుల భాష యిద్దిష్ నేర్చుకుంది. వంటిళ్ళలో నేర్చుకున్నది కాబట్టి చేపల పేర్లు, జ్వరం మాటలు, తిట్లు బాగా వచ్చు. గెరటీ అన్న పేరు నోరు తిరగక పేట ఆడవాళ్ళు ఆమెను గెర్టీ నర్సమ్మ అన్నారు. ఆమె వాళ్ళను దిద్దలేదు.

ఉత్తరం చదివి కార్డు చేతిలోకి తీసుకుంది.

"మూడువేల నాలుగొందల పదిహేడు. ఇస్త్రీ మనిషి. లడ్లో వీధి, నాలుగో అంతస్తు, వెనకవైపు. పెళ్ళాం పేరు పెషా. ఆరేళ్ళ ఆడపిల్ల. ఏమయ్యాడు?"

"దొరకలేదండీ. మీ బదులు వచ్చిన ఇన్‌స్పెక్టరు మూడుసార్లు వెళ్ళాడు. ఆ పేరుగలవాడు లేడన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ."

"అందరూ ఒకే మాట అన్నారా? ఈ పేటలోనా? టైమెంతైంది అని అడిగితే ముగ్గురు మూడు చెప్తారు, జెలిగ్."

పై అధికారి డాక్టర్ ప్రూయిట్ గది బయటికి వచ్చి ఉత్తరం చూశాడు. జాబితాలో నలభైమంది ఉన్నారని గుర్తు చేశాడు. "బుధవారం సాయంత్రం అయిదు. అప్పటికి మనిషిని చూపించండి. లేదంటే మంచం తరవాతివాడికి రాస్తాను." అందులో అన్యాయమేమీ లేదు. తరవాతివాడికీ ఊపిరితిత్తులున్నాయి.

నర్సు నల్ల సంచీ భుజాన వేసుకుంది. "లేడని రాసింది నువ్వే కదా. నువ్వే రా."

జెలిగ్ పదకొండేళ్ళలో బల్ల వదిలి ఆఫీసు పనిమీద బయటికి వెళ్ళడం అదే మొదటిసారి.

లడ్లో వీధి ఇంట్లో మెట్లు ఊడ్చేది, చెత్త చూసేది, అద్దె కోసం తలుపులు తట్టేది ష్ప్రింత్సె. కింద గదిలో ఉంటుంది. వాళ్ళు వెళ్ళేసరికి మొదటి మెట్టు మీద కూర్చుని కోడికి ఈకలు పీకుతోంది.

"గెట్సెల్ రోయిట్‌మన్ కోసం వచ్చాం," అన్నాడు జెలిగ్.

ష్ప్రింత్సె చెయ్యి ఆపి మూడుసార్లు తుపుక్కుమంది. "ఆ పేరుగలవాడు ఈ ఇంట్లో లేడు."

"ఖాళీ చేసి వెళ్ళారా?" అని నర్సు అడిగింది.

"వెళ్ళారని నేనన్నానా?"

"పోనీ, చచ్చిపోయాడా?"

"నీ నోట్లో ఉప్పు పొయ్యా! అదేం మాటమ్మా?"

"మరెక్కడున్నాడు?"

"ఎవరు?"

"గెట్సెల్."

"ఏ గెట్సెల్? లేడని చెప్తున్నాగా! కాలు విరిగిందన్నారు గానీ, గెర్టీ నర్సమ్మా, చెవులు కూడా పోయాయని ఎవరూ చెప్పలేదే?"

నాలుగో అంతస్తు వెనక గదిలో ఇప్పుడు కోట్లు కుట్టేవాళ్ళు నలుగురున్నారు. ఎదుటి గదిలో ఊరగాయలమ్మే మనిషి, అతని అత్తగారు. మూడో అంతస్తులో ఇద్దరు విధవలు. అందర్నీ అడిగారు. ఆ పేరుగలవాడు లేడన్నారు. అత్తగారు తలుపు వేసేశాక లోపల తుపుక్కుమన్న చప్పుడు వినిపించింది.

వీధిలోకి వచ్చాక జెలిగ్ అన్నాడు: "చూశారుగా."

"చూశాను. 'ఆ పేరుగలవాడు లేడు' అని తొమ్మిదిమంది అన్నారు. 'వెళ్ళిపోయాడు' అని ఒక్కరూ అనలేదు." తోపుడుబండి అంచు మీద నోటుపుస్తకం పెట్టి ఆ మాట రాసుకుంది. బండివాడు హెర్రింగు చేప కొనమంటే రెండు కొంది.

మంగళవారం పొద్దున జెలిగ్ మూడు శ్మశాన సంఘాలకు వెళ్ళి పద్దులు చూశాడు. అక్టోబరు నుంచి గెట్సెల్ అనేవాడెవడూ సమాధి కాలేదు. నర్సు గెట్సెల్ పనిచేసిన ప్యాంట్ల కార్ఖానాకు వెళ్ళింది. శరత్కాలపు పండగల తర్వాత రాలేదని మేస్త్రీ చెప్పాడు. ఆ ఇస్త్రీబల్ల దగ్గర అప్పటికే ఇంకొకడు దగ్గుతున్నాడు. ఆమె వాడి పేరు కూడా రాసుకుని వచ్చింది.

మధ్యాహ్నం వాన పట్టింది. నర్సు కాలు స్టూలు మీద పెట్టుకుని తన కార్డులు మొదటినుంచి చదవడం మొదలెట్టింది. ఆరువారాల్లో ఎవరు కొత్త, ఎవరు పోయారు, ఎవరికి జ్వరం పెరిగింది తెలుసుకోవాలి. రెండువందల పన్నెండు కార్డులు. ఆమె కార్డు చదివితే వెనకవైపు కూడా చదువుతుంది. వెనకవైపు కిటికీలెన్ని, మంచాలెన్ని, ఎవరు ఎవరి పక్కన పడుకుంటారు అని రాసి ఉంటుంది. జెలిగ్ ఎదురుగా కూర్చుని, చక్కెర ముక్క పళ్ళ మధ్య పట్టుకుని, గ్లాసులో టీ తాగుతున్నాడు.

గంట గడిచాక ఆమె తలెత్తింది.

"జెలిగ్, ఈ జబ్బు హయీమ్‌లకే ఎందుకొస్తుంది?"

"ఏంటండీ?"

"లెక్కపెట్టాను. పందొమ్మిదిమంది హయీమ్‌లు. ఆడవాళ్ళలో హయా అని తొమ్మిదిమంది. వీధిలో నిలబడి 'హయీమ్' అని కేకేస్తే ఇద్దరు తిరిగి చూస్తారు. 'మోయిషె' అంటే ఇరవైమంది. నా కార్డుల్లో మోయిషెలు ఏడుగురే. ఆ పేరులో ఏముంది?"

"హయీమ్ అంటే ప్రాణం. ఆయుష్షు అనుకోండి."

"ఆయుష్షు అని పేరు పెట్టుకున్నవాళ్ళే ఇంతమంది మంచాన పడుతున్నారా?"

జెలిగ్ నవ్వాడు. పళ్ళ మధ్య చక్కెర విరిగింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పేరు వల్ల జబ్బు రావడం లేదండీ," అన్నాడు. "జబ్బు వల్ల పేరు వస్తోంది."

ఆమె చేతిలోని కార్డు కింద పెట్టింది.

"మనిషి ఇంక దక్కడనిపిస్తే పేరు మార్చేస్తారు. ప్రార్థనా మందిరంలో పదిమంది కూడి కీర్తనలు చదివి కొత్త పేరు పెడతారు. మగవాడైతే హయీమ్, ఆడమనిషైతే హయా. మృత్యుదూత జాబితా పట్టుకుని వస్తాడు. పలానావాడేడి అంటాడు. ఆ పేరుగలవాడు ఇక్కడ లేడంటారు. వాడు తిరిగి పోతాడు. కొందరు పాత పేరుకి ముందు కొత్తది చేర్చి ఊరుకుంటారు. కొందరి ఇళ్ళలో పాతది పైకి అననే అనరు."

"ఆ పేరుగలవాడు లేడు," అంది నర్సు మెల్లిగా. "అంటే మన ఇన్‌స్పెక్టర్ని మృత్యుదూత కింద జమకట్టారు."

"మూడుసార్లు వెళ్ళాడు పాపం."

"ఇదంతా నీకు తెలుసు."

"నాకు ముందు ఇద్దరన్నలు పోయారండీ. నేను పుట్టిన మూడోరోజు నుంచి మా అమ్మ నన్ను ఆల్టర్ అనే పిలుస్తుంది. ముసలాడు అని. దూత వచ్చి పసివాడేడీ అంటే ఇక్కడ ముసలాడు తప్ప ఎవరూ లేరని చెప్పడానికి. నిన్న రాత్రి కూడా 'ముసలాడా, సూపు చల్లారిపోతోంది' అని కేకేసింది."

"మరి పదకొండేళ్ళుగా ఈ కార్డులు రాస్తూ నీకు తట్టలేదా?"

"ఇంట్లో తెలిసింది టోపీతో పాటు ఇంట్లోనే తగిలించి వస్తున్నానేమోనండీ. ఇక్కడ పేరంటే నాకు అక్షరాలే. R దగ్గర పెట్టాలా, S దగ్గర పెట్టాలా అనే చూస్తాను."

"సరే, కూర్చుని ఏడవకు. ఆరువారాల్లో వచ్చిన కొత్త హయీమ్‌లని తియ్యి."

ముగ్గురున్నారు. ఒకడికి ఎనిమిదేళ్ళు. ఒకడికి అరవై రెండు. మూడోది 3562. హయీమ్ రుట్‌మన్, ముప్పయ్యారేళ్ళు, ఇస్త్రీ మనిషి. రాత్రివేళ రక్తం కక్కుకుంటే మర్నాడు పిలిపించిన కొత్త డాక్టరు ఆలస్యంగా పంపిన రిపోర్టు. రోయిట్‌మన్ అని పెళ్ళాం చెప్పింది ఆయన చెవికి రుట్‌మన్ అని వినపడింది. చిరునామా లడ్లో వీధి. అదే ఇల్లు. రెండో అంతస్తు, ముందువైపు.

జెలిగ్ లేచి పటం దగ్గరికి వెళ్ళాడు. ఆ ఇంటి మీద ఒకే ఒక రంధ్రం ఉంది, అందులో సూది ఉంది. అక్టోబరు 22న గెట్సెల్ కోసం సూది పీకాడు. 25న హయీమ్ కోసం అదే రంధ్రంలో గుచ్చాడు. సూది కూడా అదే అయి ఉంటుంది, పీకినవి బల్ల మీద సాసర్లో వేస్తాడు, పైనున్నది తీసి గుచ్చుతాడు.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి ష్ప్రింత్సె మెట్లు కడుగుతోంది.

"మళ్ళీ వచ్చారా?"

"హయీమ్ ఎలా ఉన్నాడు?" అని నర్సు అడిగింది.

"హయీమా? ఏదో, దేవుడి దయ. రెండో అంతస్తు, ముందు గది. నాలుగంతస్తులు ఎక్కలేడని కిందికి మార్చాం." చీపురు గోడకు ఆనించింది. "ఈ ముక్క మొన్నే అడిగి ఉంటే మీకు ఆ మెట్లన్నీ తప్పేవిగా! చదువుకున్నవాళ్ళు!"

ముందు గదికి కిటికీ ఉంది. గెట్సెల్ దాని పక్కన కుర్చీలో ఒళ్ళో దుప్పటితో కూర్చున్నాడు. ఆఫీసు ఇచ్చిన మూతడబ్బా అతని పక్కనే ఉంది. అందులోనే ఉమ్ముతున్నాడు. మూత వేసి ఉంది. నర్సు మొదట చూసింది అదే. పిల్ల హోడెల్ నేల మీద బొత్తాలు వరస పెడుతోంది. భార్య పెషా తలుపు తీసిన చేత్తోనే తలుపు పట్టుకుని నిలబడింది.

జెలిగ్ సంగతి చెప్పాడు. మంచం దొరికింది. రేపు పదకొండింటికి.

పెషా ముఖం చేతుల్లో కప్పుకుంది, వెంటనే తీసేసింది. "ఆ కాగితం మీద ఏ పేరుంది?"

జెలిగ్ అబద్ధం చెప్పలేదు. "పాతది."

"అయితే తీసుకుపొండి."

"అమ్మా, పదకొండు వారాలు..."

"బేసిన్ నిండా రక్తం పడింది ఆ రాత్రి. మీరు చూళ్ళేదు, నేను చూశాను. పొద్దున్నే పదిమంది కీర్తనలు చదివారు, పేరు మార్చారు. ఆ పూట నుంచి ఒక్క చుక్క పడలేదు. ఇప్పుడు మీరొచ్చి ఆ పేరుతోనే పిలిచి పడవెక్కిస్తారా? ఆ దూత దగ్గరా జాబితా ఉంది, మీ దగ్గరా జాబితా ఉంది. రెండిట్లోనూ ఉన్నది అదే పేరు. వాడికి నేనేమని చెప్పను?"

"ఇవన్నీ పాతకాలపు..." అని జెలిగ్ మొదలుపెట్టాడు. నర్సు అతని మోచెయ్యి పట్టుకుంది.

"జెలిగ్, ఆ కుర్చీ ఇలా లాగు. నా కాలు లాగుతోంది."

కూర్చుంది. పెషా కూడా కూర్చునేదాకా మాట్లాడలేదు.

"మా అక్క ఈ జబ్బుతోనే పోయింది, పెషా. ఆమె పోయేదాకా మా ఇంట్లో జబ్బు పేరు ఎవరూ ఎత్తలేదు. నలతగా ఉంది అనేవారు. పోయాక కూడా జలుబు చేసి పోయిందని రాయించారు. ఆ పక్కమీదే నా చెల్లెలు పడుకుంది. తర్వాత తమ్ముడు. మావాళ్ళు జబ్బు పేరు దాచారు. మీరు మనిషి పేరు దాచారు. మీ పద్ధతే నయం. మీ మనిషి ఇంకా కుర్చీలో ఉన్నాడు."

నర్సు చూపు బొత్తాల దగ్గరున్న పిల్ల మీదికి మళ్ళింది.

"పాప ఎక్కడ పడుకుంటుంది?"

"నాన్న పక్కన," అంది హోడెల్ బొత్తాల మీంచి తలెత్తకుండానే. "గోడవైపు."

వీధిలో ఎవరో బంగాళాదుంపల ధర అరుస్తున్నారు. నర్సు తొందరపడలేదు. తను అడిగినదానికి ఇంట్లోవాళ్ళే జవాబు చెప్పుకోవాలని ఇన్నేళ్ళ పనిలో ఆమెకు తెలుసు.

గెట్సెల్ మొదటిసారి నోరు విప్పాడు. గొంతు బొంగురుగా ఉంది. "దూతకి ఇంగ్లీషు రాదు, పెషా. కాగితం ఇంగ్లీషులో ఉంది."

"ఈ పేటలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ మాత్రం నేర్చుకుని ఉండడా? మా తమ్ముడు రెండేళ్ళలో నేర్చుకున్నాడు."

"నీ తమ్ముడి ఇంగ్లీషుతో దూత తల్లిగారింటికి కూడా పోలేడు."

నర్సు ఉత్తరం తీసి పేరున్న వరసను వెనక్కి మడిచింది. పైన నెంబరు మాత్రం మిగిలింది. "పేరు అక్కర్లేదు. ఇతను 3417. రేవులో ఈ ముక్క చూపిస్తాను. పేరు ఎవరూ పైకి చదవరు."

"మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదు, కీడు," అంది పెషా.

"ఇది లెక్క కాదమ్మా," అన్నాడు జెలిగ్. "ఒకటి రెండు మూడు అని వేలెత్తి చూపించడం కాదు. ఇంటి తలుపు మీద నెంబరుంటుందే, అలాంటిది."

పెషా కూతుర్ని చూసింది. గోడవైపు పక్కను చూసింది. "లోపల ఎర్ర ఉన్ని బనీను కూడా పెట్టాలా? అక్కడ చలి ఎక్కువా?" అని అడిగింది.

ఆ సాయంత్రం నాలుగున్నరకు డాక్టర్ ప్రూయిట్ కాగితం మీద సంతకం పెట్టాడు.

గురువారం రేవు దగ్గర రేకుల షెడ్డు కింద బెంచీల మీద పన్నెండుమంది రోగులు కూర్చున్నారు, మూటలతో, ఇంటివాళ్ళతో. గెట్సెల్‌కు మెడ దాకా శాలువా చుట్టింది పెషా. హోడెల్‌ను ష్ప్రింత్సె దగ్గర వదిలారు. నర్సు మడిచిన ఉత్తరం శానిటోరియం గుమాస్తాకు చూపించి నెంబరు చెప్పింది. అతను సరేనన్నాడు. తర్వాత ఆ గుమాస్తా టికెట్ల కోసం లోపలికి వెళ్ళాడు, వేరొకతను బయటికి వచ్చాడు. అట్ట మీద బిగించిన జాబితా, చెవి మీద పెన్సిలు. ఎవరూ అతనికేమీ చెప్పలేదు.

అతను పేర్లు చదవసాగాడు. పిలిచినవాళ్ళు ఉన్నామని లేచి పడవవైపు నడుస్తున్నారు. నర్సు బెంచీ రెండో చివర ఒక ఇటాలియను ముసలామె మూట కట్టిపెడుతోంది.

"రోయిట్‌మన్! గెట్సెల్ రోయిట్‌మన్!"

పెషా రెండు చేతులూ మొగుడి చెవుల మీద పెట్టింది. గెట్సెల్ తన బూట్లు చూసుకుంటున్నాడు. చుట్టుపక్కల ఉన్న పేటవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. వాళ్ళందరికీ తెలుసు.

"గెట్సెల్ రోయిట్‌మన్! రాలేదా?"

పెన్సిలు చెవి మీంచి దిగింది. జెలిగ్ నోరు తెరిచాడు. ఆ పేరుతో పలకాలని అతనికి తోచింది. కానీ నలభై ఒక్కేళ్ళుగా తల్లి అతన్ని దాచిన దూత ఎదుట నిలబడి పలకాలి. తెరిచిన నోరు మళ్ళీ మూసేశాడు.

"ఉన్నాను!"

అన్నది ఒనోరా గెరటీ. చేతిలో ముసలామె మూట, అలాగే కుంటుతూ వచ్చింది.

జాబితా మనిషి ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "మీరా?"

"నేనే."

"ఇక్కడ మగమనిషి, ముప్పయ్యారేళ్ళు అని ఉందమ్మా."

"ముప్పయ్యారా? మీ నోరు చల్లగుండ. నెంబరు చూడండి. 3417. ఆ నెంబరుగల మనిషి ఇదిగో, ఈయన. పేరు మాత్రం నాది. టిక్కు పెట్టండి బాబూ, పడవ కూత వేస్తోంది."

అతను ఒకసారి పడవవైపు చూశాడు, ఒకసారి ఆమెవైపు చూశాడు. టిక్కు పెట్టాడు.

గెట్సెల్ లేచి నడిచాడు. పెషా గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఏం పని చేశావమ్మా? ఆ పేరు నువ్వు తీసుకున్నావు. ఇప్పుడు వాడు నిన్ను వెతుక్కుంటూ వస్తే?"

"రానీ. నాది అయిదో అంతస్తు. మెట్ల మీద దీపం ఉండదు. వాడు ఆయాసపడుతూ పైకొచ్చేసరికి నేను డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటాను."

పెషా నవ్వలేదు. ఆమె చుట్టూ గాలిలోకి మూడుసార్లు తుపుక్కుమంది, దిష్టి తగలకుండా.

"పెషా, ఉమ్మకూడదని ఆ గోడమీద రాసి ఉంది. రాయించింది మా ఆఫీసే."

అప్పుడు నవ్వింది పెషా.

జెలిగ్ ఆఫీసుకు వచ్చి కోటు విప్పకుండానే "దొరకనివాళ్ళు" డబ్బా బల్ల మీద బోర్లించాడు. అరవై ఒక్క కార్డులు. రెండోవైపు హయీమ్‌లు, హయాలు, ఆల్టర్లు ముప్పై నాలుగుమంది. వయసుకు వయసు, పనికి పని, వీధికి వీధి కలుపుతూ పోయాడు. నాలుగు రోజులు పట్టింది. సందేహం వచ్చిన ప్రతి ఇంటికీ నర్సు వెళ్ళి వచ్చింది, ఈసారి ఏ పేరుతో అడగాలో తెలిసి. హయీమ్‌లలో ఇద్దరు పుట్టినప్పటి నుంచీ హయీమ్‌లే. వాళ్ళని క్షమాపణతో వదిలేశారు. మొత్తం మీద ఇరవై రెండు కార్డులు రెండో డబ్బాలోంచి మొదటి డబ్బాలోకి వచ్చాయి. ఆ ఇళ్ళలో మళ్ళీ లెక్కలోకి వచ్చిన పిల్లలు నలభై ఏడుమంది. గెట్సెల్ కూతురు హోడెల్‌ను అందరికంటే ముందు పరీక్ష చేయించారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఆమె ఇప్పుడు తల్లి పక్కన, కిటికీవైపు పడుకుంటోంది.

"అంటే పేటలో కేసులు ఇరవై రెండు తగ్గాయన్నమాట," అన్నాడు డాక్టర్ ప్రూయిట్, ఒకే మనిషికి రెండేసి ఉన్న ఆ కార్డులు చూసి.

"తగ్గలేదండీ," అన్నాడు జెలిగ్. "పోయారనుకున్న ఇరవై ఇద్దరు దొరికారు."

డాక్టర్ కార్డుల మీద పాత పేరు రాసుకునేందుకు ఒక గడి అచ్చు వేయిద్దామన్నాడు. జెలిగ్ వద్దన్నాడు. రెండు పేర్లూ ఒకే కార్డు మీద ఉంటే ఏ ఇంట్లోనూ ఆ కార్డు బయటికి తీయలేమన్నాడు. గడి అచ్చయి వచ్చాక దాని మీద "పాత నెంబరు" అని ఉంది.

డిసెంబరు మూడోవారంలో కొండల నుంచి పోస్టుకార్డు వచ్చింది. పై చిరునామా "గెర్టీ నర్సమ్మకు". వెనకవైపు యిద్దిష్‌లో మూడు వరసలు. నర్సు మాట్లాడుతుందే గానీ చదవలేదు. జెలిగ్ చదివి వినిపించాడు. మంచు పడుతోంది. రోజుకి ఆరు గ్లాసుల పాలు తాగిస్తున్నారు, ఇక ఆవు కనిపిస్తే దాక్కుంటాను. ఏడు పౌన్లు పెరిగాను.

"సంతకం ఏ పేరుతో పెట్టాడు?" అని అడిగింది నర్సు.

జెలిగ్ కార్డు తిప్పి చూపించాడు. కింద అంకెలే ఉన్నాయి: 3417.

ఆమె సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. కుంటు చాలావరకు తగ్గింది. జెలిగ్ ఆ పోస్టుకార్డును "ఉన్నవాళ్ళు" డబ్బాలో, ఆ నెంబరు కార్డు వెనకాలే పెట్టాడు.